న్యూజెర్సీకి దారి ఉత్తరంగా

కృష్ణా డెల్టాలోని పెదపారుపూడి సెంటర్లో ఎవరినైనా ఆపి అమెరికా ఎటు ఉందని అడగండి. పడమర వైపు చెయ్యి చూపిస్తారు. బడి గోడకు వేలాడే పటంలో అలాగే ఉంటుంది మరి. నడుమ మనం, ఎడమ పక్క అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్, ఆ అంచున అమెరికా. అదే ఒక గ్లోబు తెచ్చి, దారం ముక్క ఒక కొస కృష్ణా డెల్టా మీద, రెండో కొస న్యూజెర్సీ మీద పెట్టి బిగించి చూడండి. దారం పడమరకు పోదు. ఉత్తరానికి కాస్త పడమరగా బయల్దేరి, ఢిల్లీ పక్కనుంచి కజకిస్తాన్, రష్యాల మీదుగా ఆర్కిటిక్ వలయం దాటుతుంది. నార్వేకి అవతలి సముద్రం మీద వంపు తిరిగి, గ్రీన్‌లాండ్ దక్షిణ భాగాన్ని ఒరుసుకుంటూ కెనడాలోకి, అక్కడి నుంచి న్యూజెర్సీకి దిగుతుంది. దూరం 13,000 కిలోమీటర్ల పైచిలుకు.

మా వైపు ఊళ్లలో అమెరికాలో పిల్లలు లేని వీధి వెతికితేగానీ దొరకదు. వాళ్లతో మాట్లాడే సెల్‌ఫోనుకు ఈ దిక్కుల గొడవ అక్కర్లేదు. మన మాట దగ్గర్లోని టవరు దాకానే గాల్లో పోతుంది. తర్వాతదంతా గాజు తీగల్లో, సముద్రం అడుగున సాగే ప్రయాణం. దారి పొడవునా ఎవరో ఒక కంపెనీ కాపలా ఉంటుంది. పెరట్లో సొంతంగా తీగ కట్టుకుని, సొంత పెట్టెతో అదే దూరం మాట్లాడాలనుకునే మనిషి సంగతి వేరు. అతనికి దిక్కు తెలియాలి, వేళ తెలియాలి, ఈ ఏడాది సూర్యుడి మీద మచ్చలు పెరుగుతున్నాయో తరుగుతున్నాయో తెలియాలి. అలాంటి వాళ్లను హామ్‌లంటారు. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది, ప్రపంచంలో మరొకరికి లేని కాల్‌సైన్ ఒకటి ఇస్తుంది. మన దేశంలో అవి ఎక్కువగా వీయూ అక్షరాలతో మొదలవుతాయి. వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వెయ్యకూడదు, డబ్బు పుచ్చుకోకూడదు. మిగిలినదల్లా దూరం మీద మోజు. దూరపు స్టేషన్‌ను హామ్‌లు డీఎక్స్ అంటారు. దాని వెంట పడ్డవాడికి నిద్ర వేళలు మారిపోతాయి.

"మాస్టారూ, వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకండీ?" అని అడగని వాళ్లుండరు. ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోవచ్చు.

ముందు కొంచెం చరిత్ర. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ దాటించిన సంకేతం పొడవైన తరంగాల మీద నడిచింది. తరంగం ఎంత పొడవైతే అంత దూరం పోతుందని అప్పటి నిపుణుల నమ్మకం. అందుకే 1912లో అమెరికా చట్టం చేసినప్పుడు పొడవు తరంగాలు నౌకాదళానికీ కంపెనీలకూ ఉంచుకుని, 200 మీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాలు ఔత్సాహికుల మొహాన పడేసింది. దేనికీ పనికిరావనే ఆ పని చేసింది. పొలం పంపకాల్లో చవిటి చెక్క తమ్ముడి వాటాకు తోసేసిన అన్నలు మన దగ్గరా ఉన్నారు. పదేళ్లు తిరిగేసరికి ఆ చవిటి చెక్కలోనే బంగారం పండింది. 1921 డిసెంబరులో అమెరికా ఔత్సాహికుల సంకేతాలు స్కాట్లాండు తీరంలో వినబడ్డాయి. 1923 నవంబరులో అమెరికా, ఫ్రాన్సు హామ్‌లు అట్లాంటిక్‌కు అటూ ఇటూ కూర్చుని ఎదురుబదురుగా మాట్లాడుకున్నారు.

అసలు అద్భుతం 1924 అక్టోబరు 18న జరిగింది. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో షాగ్ వ్యాలీ అనే చోట గొర్రెల పెంపకం చేసుకునే ఫ్రాంక్ బెల్ అనే రైతు ఉండేవాడు. ఆయన మీట నొక్కుతుంటే లండన్‌లోని మిల్ హిల్ బడిలో 18 ఏళ్ల కుర్రాడు సెసిల్ గోయ్డర్ జవాబిచ్చాడు. భూమ్మీద ఇద్దరు మనుషులు అంతకంటే దూరంగా ఉండడం దాదాపు అసాధ్యం. సుమారు 19,000 కిలోమీటర్లు. ప్రభుత్వాలూ కంపెనీలూ కోట్లు పోసి కట్టిన స్టేషన్లు చెయ్యాల్సిన పని ఒక పల్లెటూరి రైతూ, ఒక బడిపిల్లాడూ చేసేశారు. తర్వాత ఆ గొర్రెల క్షేత్రంలోని స్టేషన్‌ను బెల్ అక్క బ్రెండా నడిపింది. 1927లో న్యూజిలాండ్ నుంచి దక్షిణాఫ్రికాతో మొట్టమొదట మాట్లాడింది ఆమే.

గోయ్డర్ కథ అక్కడ ఆగలేదు. ఇక్కడే నాకు ముచ్చటేస్తుంది. ఆ కుర్రాడు పెద్దవాడై 1936లో మన దేశానికి వచ్చాడు, ఆలిండియా రేడియో చీఫ్ ఇంజినీరుగా. ఇంత పెద్ద దేశాన్ని మీడియం వేవ్ స్టేషన్లతో కప్పాలంటే ఎన్ని కట్టినా చాలవు, షార్ట్‌వేవ్ కావాలని పట్టుబట్టి ఆ ట్రాన్స్‌మిటర్లు పెట్టించాడు. పొట్టి తరంగాలు ఎంత దూరం పోతాయో పద్దెనిమిదో ఏటే స్వయంగా చూసినవాడు కదా. ఆయన హయాంలోనే 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం మొదలైంది. తెలుగువాళ్లకు ఆలిండియా రేడియోలో తెలుగు మాట అక్కడి నుంచే వినబడింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా డెల్టా ఊళ్లకు మద్రాసే దిక్కు. అంతకుముందు, గోయ్డర్ న్యూజిలాండ్‌తో మాట్లాడిన ఏడాదే, మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి తదితరుల రేడియో క్లబ్బు జులై 31న ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక మూడేళ్లకు మూతపడింది. అదీ ఔత్సాహికుల పనే.

ఇప్పుడు అసలు ప్రశ్న. రేడియో తరంగం వెలుతురు లాంటిదే, తిన్నగా పోతుంది. భూమి గుండ్రం. పెదపారుపూడి నుంచి తిన్నగా బయల్దేరిన తరంగం కొన్ని పదుల కిలోమీటర్లకే నేలను వదిలి ఆకాశంలోకి పోవాలి. న్యూజిలాండ్‌లో ఎలా దిగుతుంది?

ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచే అలవాటున్న వాళ్లకు ఒక సంగతి తెలుసు. మధ్యాహ్నం పక్క వీధిదాకా వినబడని గుడి మైకు ఆ వేళ రెండూళ్ల అవతలి నుంచి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. నిశ్శబ్దం ఒక్కటే కారణం కాదు. రాత్రంతా వేడిని వదిలేసి చల్లబడ్డ చేల మీద చల్లగాలి పరుచుకుంటుంది, దానిపైన కాస్త వెచ్చని గాలి ఉంటుంది. వెచ్చని గాలిలో శబ్దం వేగం ఎక్కువ. అందువల్ల పైకి పోతున్న శబ్దం క్రమంగా వంగి మళ్లీ కిందికి దిగుతుంది. ఎండెక్కగానే ఈ అమరిక తలకిందులై పాశురాలు ఆకాశంలోకి పోతాయి. రేడియో తరంగం కూడా ఇలాగే, అంతస్తు మారిన చోట వంగుతుంది. కాకపోతే దాని అంతస్తులు చాలా ఎత్తున ఉంటాయి.

సూర్యుడి అతినీలలోహిత కిరణాలూ ఎక్స్ కిరణాలూ పై వాతావరణంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా విడిపోయిన ఎలక్ట్రాన్లతో నిండిన ప్రాంతమే అయనోస్ఫియర్. అలాంటి పొర ఒకటి ఉండాలని 1902లో కెనెల్లీ, హెవిసైడ్ విడివిడిగా ఊహించారు. 1924లో ఆపిల్టన్ నిరూపించి, 1947లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇందులో దూరప్రయాణానికి పనికొచ్చేది 250, 300 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఎఫ్ పొర. దానికి చాలా కింద, 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య, పగటిపూట మాత్రం ఉండే డీ పొర దీనికి శత్రువు. తరంగాన్ని వంచదు సరికదా, మింగేస్తుంది. తరంగం ఎంత పొడవైతే అంత ఎక్కువగా మింగుతుంది. సూర్యుడు అస్తమించగానే డీ పొర మాయమవుతుంది, ఎఫ్ పొర మాత్రం రాత్రి చాలాసేపు నిలుస్తుంది. పగలు విజయవాడ తప్ప ఇంకేమీ పట్టని పాత రేడియోలో పొద్దుగూకగానే ఎక్కడెక్కడి స్టేషన్లో దిగిపోవడానికి కారణం ఇదే. ఆ రోజుల్లో రేడియో సిలోన్ వినని ఇల్లు లేదు. విన్న వాళ్లలో చాలామందికి తాము చేస్తున్నది అయనోస్ఫియర్ ప్రయోగమని తెలియదు, అంతే తేడా.

హామ్ చేసే లెక్క కూడా ఇదే, కాస్త పద్ధతిగా చేస్తాడు. ఎఫ్ పొర మీద ఒక్క వంపుతో తరంగం గరిష్ఠంగా 4,000 కిలోమీటర్ల దాకా దిగగలదు. ఇక్కడి నుంచి పోర్ట్‌బ్లెయర్ సుమారు 1,400 కిలోమీటర్లు, ఒక్క అంగలో అయిపోతుంది. తరంగం నేలకు 20 డిగ్రీల వాలులో బయల్దేరితే సరిపోతుంది. న్యూజెర్సీకి నాలుగు వేల కిలోమీటర్ల అంగలైనా నాలుగు కావాలి. అందుకు తరంగం నేలను ఒరుసుకుంటున్నంత తక్కువ వాలులో బయల్దేరాలి. ప్రతి అంగకూ నేలమీదో నీటిమీదో దిగి మళ్లీ లేస్తుంది. దారిలో ఏ అంగ దగ్గర పగలుందో, ఎక్కడ రాత్రుందో చూసుకోవాలి. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ తెల్లవారుతుండగా అక్కడ రాత్రి ఎనిమిది. మన దగ్గర డీ పొర ఇంకా లేవలేదు, అక్కడిది పడుకుంది. ఆ కొద్దిసేపూ 40 మీటర్ల బ్యాండులో, అంటే ఆ పొడవున్న తరంగాల మీద, అమెరికా గొంతులు తేలతాయి. ఎండ కాస్త పొడుచుకోగానే ఒక్కొక్కటే మునిగిపోతాయి. పొద్దు పొడిచే వేళా, పొద్దు గూకే వేళా హామ్ ఇంట్లో ఎవరూ కాఫీకి పిలవరు, పిలిచినా రాడు.

మరో చిక్కు ఉంది. పైన చెప్పిన దారం ఆర్కిటిక్ వలయం దాటుతుంది. సూర్యుడు రేగినప్పుడల్లా ధ్రువజ్యోతులు మెరిసే ప్రాంతం అది, అలాంటి రోజుల్లో అక్కడ సంకేతం చెదిరిపోతుంది. అందుకే ఇక్కడి వాళ్లకు ఆస్ట్రేలియా తేలిక, అమెరికా కష్టం. కొత్తవాళ్లు తమ పెట్టెలో లోపం ఉందనుకుని విప్పి కూర్చుంటారు. పెట్టెలో కాదు, దారిలో ఉంది లోపం. సూర్యుడి మచ్చలు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. బాగా పెరిగిన ఏళ్లలో పది మీటర్ల బ్యాండులో అయిదు వాట్లతో ఖండాలు దాటొచ్చు, తగ్గిన ఏళ్లలో అదే బ్యాండు రోజుల తరబడి మూగబోతుంది. 2024లో ఇప్పటి చక్రం శిఖరాన్ని తాకింది. జీవితకాలం ఈ వ్యసనంలో ఉన్న మనిషి అలాంటి శిఖరాలను అయిదారు చూస్తాడు.

తెలుగువాళ్లం ఈ ఆకాశం గురించి వినేవాళ్లం మాత్రమే కాదు, పరిశోధించిన వాళ్లం కూడా. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భావరాజు రామచంద్రరావు గారు, ఆయన శిష్యులు 1950ల నుంచీ అయనోస్ఫియర్ కదలికల్ని కొలిచారు. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పెద్ద రాడార్ ఉంది. 1,024 యాగి ఆంటెన్నాలు, 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న స్థలంలో వరసగా నిలబడి ఉంటాయి. హామ్ డాబా మీద ఒంటరిగా తిరిగే యాగి కూడా అదే జాతిది. మనం ఉన్న చోటు ఈ పరిశోధనకు ప్రత్యేకం. అయస్కాంత భూమధ్యరేఖ మన ద్వీపకల్పం దక్షిణపు కొస మీదుగా పోతుంది. రాకెట్ల ప్రయోగానికి తుంబాను ఎంచుకున్నదీ అందుకే. పగటి పూట ఆ రేఖ మీద ఎలక్ట్రాన్లు పైకి ఎగసి, అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు జారి పోగుపడతాయి. ఉత్తరానికి జారే వాటి దారిలోనే డెల్టా ఉంది. అందువల్ల మన నెత్తిన అయనోస్ఫియర్ యూరప్ వాళ్లకున్న దానికంటే చిక్కన. పై బ్యాండులు మనకు త్వరగా తెరుచుకుంటాయి, ఆలస్యంగా మూసుకుంటాయి. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. పొద్దుగూకిన తర్వాత ఆ పొరలో బుడగలు లేచి, దూరపు గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు వణుకుతుంది.

ఆకాశం సంగతి అలా ఉంటే, నేల సంగతి ఇంకా బాగుంది. ఆంటెన్నా కింద నేల ఎంత బాగా విద్యుత్తును మోస్తే, నిలువు ఆంటెన్నా అంత తక్కువ వాలులో తరంగాన్ని పంపగలదు. సముద్రపు నీటి వాహకత మామూలు నేల కంటే దాదాపు వెయ్యి రెట్లు. హైదరాబాదు రాతి గుట్టల మీద హామ్ ఎంత ఖరీదైన ఆంటెన్నా పెట్టినా, నాగాయలంక దగ్గర ఉప్పుటేరు గట్టున పాతిన అల్యూమినియం గొట్టంతో ఈ విషయంలో పోటీ పడలేడు. కొండ అడ్డు రాదు, మేడ అడ్డు రాదు. నాలుగు దిక్కులా ఆకాశం నేలను తాకే దాకా కనబడుతుంది. మా ఊరు తీరానికి దూరమే అయినా కాలవ నీళ్లు తాగిన నల్లరేగడి మాది, అదీ మంచిదే. రైతుకు శాపమైన ఉప్పు హామ్‌కు వరమని చెబితే దివిసీమలో నన్ను తంతారేమో గానీ, భౌతికశాస్త్రం మాత్రం అదే చెబుతోంది.

స్తంభాల ఖర్చు కొబ్బరి చెట్లు తప్పిస్తాయి. 14 మెగాహెర్ట్జ్‌కు పది మీటర్ల తీగ, 7 మెగాహెర్ట్జ్‌కు ఇరవై మీటర్ల తీగ, నడిమధ్య నుంచి కేబులు. రెండు చెట్ల మధ్య కడితే డైపోల్ అయిపోయింది. గాలికి చెట్లు ఊగినప్పుడు తీగ తెగకుండా ఒక కొసన కప్పీ పెట్టి బరువు వేలాడదీయాలి. తీగ కనీసం పది మీటర్ల ఎత్తున లేకపోతే తరంగమంతా నెత్తిమీదికే పోతుంది. బెజవాడతో, హైదరాబాదుతో మాట్లాడుకోవడానికి అది చాలు, బ్రెజిల్‌కు చాలదు. ఈ చదును నేలలో పిడుగు ముందు చూసేది తాటిచెట్టునీ కొబ్బరిచెట్టునీ అని మరవకండి. మబ్బు పట్టగానే కేబులు ఊడబెరికి ఇంటి బయట పడెయ్యడం మొదటి పాఠం.

పిడుగు కంటే రోజూ వేధించేది కరెంటు రొద. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, చెరువుల మీది మోటార్లు అన్నీ కలిసి షార్ట్‌వేవ్‌ను రొదతో నింపేస్తాయి. అందుకే ఊరంతా తిట్టుకునే కరెంటు కోత హామ్‌కు పండగ. బ్యాటరీ మీద రిగ్, అంటే రేడియో పెట్టె, వేసుకుని కూర్చుంటే, అప్పటిదాకా రొద కింద దాక్కున్న గొంతులన్నీ బయటికొస్తాయి.

రిగ్ అంటే లక్షలు పోసి కొనే జపాను పెట్టే కానక్కర్లేదు. పాత తరం వాళ్లు మిలిటరీ వేలం సామానులో దొరికిన రిసీవర్లతో, 807 వాల్వుతో ట్రాన్స్‌మిటర్లు కట్టుకున్నారు. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో హైదరాబాదులో అష్‌హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, బిట్‌ఎక్స్ అనే పెట్టెను రూపొందించాడు. ఏ ఊళ్లోనైనా దొరికే మామూలు ట్రాన్సిస్టర్లతో అయ్యేలా గీశాడు. అందులో ఒక కీలకమైన కాయిల్‌ను కుళాయి వాషరు మీద చుట్టమన్నాడు. హార్డ్‌వేర్ దుకాణంలో రూపాయికో రెండు రూపాయలకో దొరికే వాషరు! ఆ పటం ఉచితంగా అందరికీ ఇచ్చేశాడు. తర్వాత 2016 చివర నుంచి హైదరాబాదులో తయారైన ఆ బోర్డులు దేశదేశాలకు వెళ్లాయి. ఎవరో జపాను వాళ్లు చేస్తే మనం కొనుక్కోవడమే రివాజైన రంగంలో ఇది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మోసుకెళ్లిన హామ్‌శాట్ కూడా అలాంటిదే. 42.5 కిలోల ఆ చిన్న ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌పాండర్లు. ఒకటి మనవాళ్లది, రెండోది నెదర్లాండ్స్ విద్యార్థి ఒకడు చేసిచ్చినది. ప్రపంచంలో ఏ హామ్ అయినా దాన్ని వాడుకునే వీలుండేది. 2014లో దాని బ్యాటరీలు పోయేదాకా పనిచేసింది.

మాట్లాడుకునే పద్ధతుల్లో ఇప్పుడొక కొత్తది రాజ్యమేలుతోంది. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే పద్ధతిలో కంప్యూటరే పదిహేను సెకన్ల వంతుల్లో పలికి, చెవికి వినబడనంత బలహీనమైన సంకేతాన్ని కూడా ఏరుకుంటుంది. తయారు చేసినవారిలో ఒకరైన జో టేలర్ ఖగోళశాస్త్రవేత్త, భౌతికశాస్త్రంలో నోబెల్ గ్రహీత. శాస్త్రంగా అది గొప్పది. నా మట్టుకు నాకు మాత్రం రెండు కంప్యూటర్లు పరిచయం చేసుకుంటుంటే పక్కన కూర్చోవడం రుచించదు. మోర్స్‌లో మీట నొక్కే అవతలి మనిషి చేతి తీరు తెలుస్తుంది. కుడిచేతి అలసట కూడా తెలుస్తుంది. మాట్లాడిన గుర్తుగా క్యూఎస్ఎల్ కార్డు పోస్టులో రావాలి. అది ఒక్కోసారి ఏడాది తిరిగాక వస్తుంది, పోస్టుమేన్ "ఏ దేశమండీ ఇది?" అని బిళ్ల చూస్తూ అడగాలి.

ఈ కార్డుల వేటలోంచే మనకు బాగా తెలియాల్సిన కథ పుట్టింది. హామ్‌లు ప్రపంచాన్ని 340 దేశాలుగా లెక్కపెట్టుకుంటారు. రాజకీయ పటంలో దేశం ఒకటే అయినా, దూరంగా ఉన్న దీవుల్ని వేరుగా లెక్కిస్తారు. ఆ లెక్కన భారతదేశం మూడు: ప్రధాన భూభాగం, అండమాన్ నికోబార్, లక్షదీవులు. అండమాన్ నుంచి 1987 తర్వాత హామ్‌లకు అనుమతి దొరకలేదు. ప్రపంచమంతటా వేల మంది జాబితాల్లో ఆ ఒక్క గడీ ఖాళీగా ఉండిపోయింది. దాన్ని నింపాలని పట్టుబట్టిన మనిషి భారతీ ప్రసాద్, కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ. 1983లో హైదరాబాదులో ఎస్. సూరి గారు స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి 2004 డిసెంబరులో ఆమె నాయకత్వాన చిన్న జట్టు పోర్ట్‌బ్లెయర్ చేరింది. ఒక హోటల్లో దిగి ఆంటెన్నాలు కట్టారు. ఆ నెల మొదట్లో వాళ్లు గాల్లోకి వచ్చిన క్షణం నుంచి ప్రపంచం నలుమూలల హామ్‌లు ఒకేసారి ఎగబడ్డారు. ఒక్క మాట వినడానికి వందల గొంతులు ఒకదానిమీదొకటి పడే ఈ తోపులాటను పైలప్ అంటారు. అందులోంచి ఒక్కో కాల్‌సైన్‌ను ఏరి, జవాబిచ్చి, లాగ్‌బుక్కులో రాసి, తర్వాతి దానికి వెళ్లాలి. రాత్రీ పగలూ అదే పని. బయటి వాళ్లకు ఇంతకన్నా అర్థంలేని కాలక్షేపం కనిపించదు.

డిసెంబరు 26 ఆదివారం ఉదయం 6.29కి సుమత్రా దగ్గర సముద్రగర్భం కదిలింది. భూకంపం వెనకే సునామీ వచ్చింది. పోర్ట్‌బ్లెయర్‌లో కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, నికోబార్ దీవులతో సంబంధం తెగింది. ఆ వేళ రిగ్ ముందున్న భారతీ ప్రసాద్ బయటికి పరుగెత్తారు. కాసేపటికి జట్టు అంతా స్టేషన్‌ను ఆరుబయటికి మార్చి, మళ్లీ గాల్లోకి వచ్చారు. కార్డుల కోసం ఎగబడ్డ బ్యాండంతా క్షణాల్లో దారి ఇచ్చింది. ఎవరు బతికున్నారు, ఎక్కడ ఏం కావాలి అన్న కబుర్లు దీవుల నుంచి ప్రధాన భూభాగానికి, అక్కడి నుంచి మళ్లీ దీవులకు ఈ గొంతుల మీదే నడిచాయి. కార్ నికోబార్‌లోనూ హామ్ స్టేషన్ పెట్టారు. తమ వాళ్ల జాడ కోసం అల్లాడుతున్న చాలా కుటుంబాలకు ఆ రోజుల్లో దొరికిన దారి అది.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ జట్టు సహాయం చెయ్యడానికి వెళ్లలేదు. ఆట కోసం వెళ్లింది. సహాయక దళమైతే మర్నాటికో మూడోనాటికో చేరేది. వీళ్లకు అప్పటికే ఆంటెన్నా నిలబడి ఉంది, ఏ వేళ ఏ బ్యాండు ఎక్కడికి తెరుచుకుంటుందో మూడు వారాల పైలప్‌లో చేతికొచ్చేసింది, బలహీనమైన గొంతును రొదలోంచి ఏరడం అలవాటైపోయింది. విపత్తు రోజున కావలసిన నేర్పు అదే. దాన్ని ఏ ప్రభుత్వ శిక్షణా నాలుగు రోజుల్లో నేర్పలేదు. కొన్నేళ్ల పనికిరాని మోజు నేర్పింది. అనుమతుల మాటకొస్తే, ఆ తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. 2006 ఏప్రిల్‌లో అండమాన్‌లోనూ, 2007 జనవరిలో లక్షదీవుల్లోనూ దేశవిదేశాల హామ్‌లు కూడి స్టేషన్లు నడిపారు.

ఈ అండమాన్ కథ చదివినప్పుడల్లా మా వైపు వాళ్లకు మరో తేదీ గుర్తు రాక మానదు. 1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు దివిసీమ మీదికి అయిదు మీటర్ల ఉప్పెన వచ్చింది. నేల చదును కాబట్టి నీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి నడిచింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పది వేల మంది పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు పత్రికలకెక్కింది ఆ తర్వాతే. టెలిఫోను స్తంభాలూ తంతి తీగలూ గాలికి మొదట పోయాయి. ఏ ఊళ్లో ఎవరు మిగిలారో, ఎక్కడికి ముందు పడవ పంపాలో చెప్పే గొంతు లేకపోయింది.   1990 మేలో మళ్లీ కృష్ణ సాగరసంగమం దగ్గరే పెను తుఫాను తీరం దాటింది. ముందే లక్షన్నర మందిని తరలించడంతో చావులు వెయ్యి లోపు ఆగాయి. ఇప్పుడు మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది, ఉపగ్రహ చిత్రాలున్నాయి, తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే చెబుతారు. హెచ్చరిక పైనుంచి కిందికి బాగా వస్తోంది. కింది నుంచి పైకి కబురు పోయే దారి మాత్రం ఇప్పటికీ సెల్ టవరే. గాలికి కరెంటు పోతే టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే.

దీనికి పెద్ద పథకాలు అక్కర్లేదు. గుడివాడ ఏఎన్ఆర్ కాలేజీలో, గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీలో, బందరు నోబుల్ కాలేజీలో, అవనిగడ్డలో, నాగాయలంకలో ఒక్కో క్లబ్బు, క్లబ్బుకో రిగ్, ఒక కారు బ్యాటరీ, రెండు కొబ్బరి చెట్లు ఉంటే చాలు. పిల్లలకు విపత్తు నిర్వహణ అని పాఠం చెప్పకండి. న్యూజిలాండ్ పట్టమనండి, అర్జెంటీనా పట్టమనండి, కార్డులు గోడకు అంటించుకోనివ్వండి. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్ష రాయొచ్చు. మొదటి మెట్టు లైసెన్సుకు మోర్స్ కూడా అడగరు. తర్వాతి మెట్టుకు నిమిషానికి ఎనిమిది పదాల వేగం చాలు, రోజుకు అరగంట చొప్పున సాధన చేస్తే కొన్ని నెలల్లో వస్తుంది. మీ ఊరి బడిలో సైన్సు మాస్టారికి ఈ అధ్యాయం చూపించండి, వచ్చే నవంబరులోగా ఒక్క తీగైనా కట్టించండి.